వీపు చూపించిన టీచరు

మా అక్క సిల్వకి "చూసి నేర్చుకో" అనే మాటంటే ఒళ్లు మంట. మా స్లొవేనియా కొండల్లో లేసు అల్లే ముసలమ్మలు ఆ ఒక్క మాటతోనే నేర్పేవాళ్లు. దిండు మీద సూదులు గుచ్చి, దారం చుట్టిన చెక్క కండెల్ని టకటకలాడిస్తూ పోతారు. పిల్ల వాళ్ల భుజం వెనక నిలబడి చూడాలి. నోరు తెరిచి అడిగితే మోచేత్తో ఒక పోటు. అక్క ఆ పోట్లు తినే నేర్చుకుంది.

అందుకే తన క్లాసులో అంతా పైకి చెబుతుంది. "ముందు నేను చేస్తాను, చూడండి. తర్వాత కలిసి చేద్దాం. ఆ తర్వాత మీరే." చర్చి పక్క గదిలో పిల్లలు ఆమె వెనకే మూగి, చూసి, చక్కగా అల్లేవాళ్లు. చెప్పే విధం తెలియాలే గానీ మొద్దు పిల్లలుండరని అక్క మాకు రోజూ వినిపించేది.

నేయాతో చిక్కు మొదలైంది. ఆ పిల్లది పైకొండ పల్లె. మంచుకి దారి మూసుకుపోతే పాఠం వీడియో ఫోన్లోనే. వసంతంలో లేసు పోటీకి వెళ్లాలని దానికి ప్రాణం. ఈలోగా సన్న పట్టీ ఒకటి సరిగ్గా అల్లి చూపించాలి.

అక్క ఫోన్ని ఎదురుగా నిలబెట్టి కూర్చునేది. పక్కన నా సూపు చల్లారిపోయేది.

"మళ్లీ చూడు. ఇది దాని మీదికి. చూశావా?"

"చూశాను టీచర్."

"మరి ఆ అంచేంటి, అలా వేలాడుతోంది?"

"మీరు చేసినట్టే చేశాను టీచర్."

"నేను చేసినట్టు చేస్తే అలా ఎందుకొస్తుంది? విప్పు!"

వారాల తరబడి ఇదే గోల. విప్పు, అల్లు, విప్పు. ఆ ఫోన్ని పొయ్యిలో పడేద్దామన్నంత చిరాకొచ్చేది నాకు. చివరికి ఒకరోజు అక్క నోరు జారింది.

"అవి చేతులా, కట్టెలా?"

నేయా ఫోన్ పెట్టేసింది.

తర్వాతి పాఠానికి దాని తల్లి దార్య ఫోనెత్తింది. "దిండు అటకెక్కించేసింది టీచరమ్మా. నావి కట్టె చేతులంటోంది. ఇక వదిలేయండి."

అక్క వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసింది. "ఇంతకన్నా విడమర్చి ఎవరు చెబుతారే? ఎవరు?"

"ఏదీ, నాకు చెప్పు చూద్దాం," అన్నాను విసుగ్గా. లేసు ఊళ్లో పుట్టీ నేను కండె పట్టి ఎరగను. బల్లకి అవతల, ఫోన్ ఉండే చోట కూర్చుని, అక్క పాత దిండు ముందుకు లాక్కున్నాను.

"ఇది దాని మీదికి," అంది. వేశాను.

"విప్పు."

"విప్పను! ఏది 'ఇది'? ఏది 'అది'? నీ కుడిచెయ్యి నాకు ఎడమ పక్కన కనబడుతుంటే నేనేం చేసి చావను?"

అక్క చెయ్యి కండె మీదే ఆగిపోయింది. తన చేతుల వంక, నా వంక చూసింది.

వెంటనే దార్యకి ఫోన్ చేసింది. "దిండు దింపి, అమ్మాయి దగ్గర ఫోన్ పెట్టండి. అది మాట్లాడక్కర్లేదు." తన ఫోన్ని వెనక అలమరా మీద, భుజం మీదుగా దిండు కనిపించేలా పెట్టింది. తెర గోడవైపు తిరిగింది. అవతల ఎవరైనా ఉన్నారో లేదో మా ఇద్దరికీ కనబడదు.

"నేయా, నీ చేతులు మంచివే తల్లీ. నేనే తిరగేసి చూపించాను. ముందు నేను చేస్తాను. కుడిది ఎడమదాని మీదికి."

మళ్లీ చెప్పింది. ఇంకోసారి చెప్పింది. గొంతు బొంగురుపోయింది. "చాలు లేవే," అందామనుకున్నాను.

అప్పుడు అలమరా మీది ఫోన్లోంచి చెక్కకి చెక్క తగిలిన చిన్న చప్పుడు.

అక్క వెనక్కి తిరగలేదు. కళ్లు తుడుచుకుని కండె పట్టుకుంది.

"ఇప్పుడు కలిసి చేద్దాం," అంది.