డాబా మీద తీగ

మబ్బులేని రోజుల్లో ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి, సరిహద్దు అవతల ఏది ఏమిటో పేర్లు పెట్టడం సైన్యపు పటాల ఆఫీసులో ఆయన పని. పొద్దస్తమానం తెరకు ముక్కు ఆనించి, ఎడమ కన్ను చికిలించి చూస్తారు. ఇంట్లో పేపరైనా అలాగే చదువుతారు. ఈమధ్య ఆ పని కంప్యూటరుకిచ్చి, ఆయన్ని తప్పులు దిద్దమన్నారు. అది ఒక డాబా మీద, వరసగా మచ్చలతో కనబడ్డ తీగను యాంటెన్నా అంది. యాంటెన్నా ఉన్న డాబా అంటే బాంబులు వేయాల్సిన చోటు. ఆయన ‘బట్టలారేసే తీగ’ అని దిద్దితే, మర్నాడు మళ్లీ యాంటెన్నాగానే వచ్చింది.

“వాన వెలవగానే తీసిన ఫొటోల్లో దాని మీద మచ్చలుండట్లేదు సార్! వానకి ఇంట్లోకెళ్లే యాంటెన్నా ఎక్కడైనా ఉందా?” అని పై అధికారి ముందు గొంతు చించుకున్నారు.

“నిజమేనయ్యా. కానీ మన గుర్తుల జాబితాలో బట్టల తీగ లేదే! పైకి పంపేశాం, ఇక వదిలెయ్,” అన్నాడు అధికారి.

ఆ సాయంత్రం ఆయన చిర్రుబుర్రులాడుతూ ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా డాబా ఎక్కి, భార్య అప్పుడే ఆరేసిన బట్టలు లాగేయసాగారు.

“అయ్యో, ఇంకా నీళ్లు కారుతున్నాయండీ! ఆకాశంలో మబ్బు తునకైనా లేదు కదా?” అంది ఆవిడ.

“లేదు కాబట్టేనే,” అన్నారాయన, తడి చొక్కాలు గుండెకి అదుముకుని.