బండి ఆగే జాగా

కరెంటు బండ్ల చార్జింగ్ స్టేషన్‌కు గిరాకీ ఉండే చోటు వెతకడం సురేందర్ ఉద్యోగం. పంజాగుట్ట చౌరస్తాలో పోయే వేల బండ్లను అతను పట్టించుకోడు. చార్జింగ్‌కు గంట పడుతుంది, ఆ గంటసేపు మనిషి ఎక్కడ కూర్చుంటాడన్నదే అతని ఆరా. అందుకే ఎక్కడికి పోయినా ముందు చాయ్ తాగుతాడు, బాత్రూం ఎక్కడని అడుగుతాడు, ఆ తర్వాతే జేబులోంచి టేపు తీస్తాడు. మధురానగర్‌లో ఒక ఖాళీ జాగా చూడగానే నచ్చింది. వేపచెట్టు కింద నాలుగు ఆటోలు, వాటిలో కాళ్లు బయటికి చాపి నిద్రపోతున్న డ్రైవర్లు. "గిదే ఖాయం సార్, రేపొచ్చి కొలతలు తీసుకుంట" అని యజమాని చలపతిరావుకు చెప్పిపోయాడు.

మర్నాడు వచ్చేసరికి చెట్టు లేదు, మొద్దు మిగిలింది. "మీకోసమే కొట్టించానండి, ఇంకో రెండు బండ్లు పడతాయి" అన్నాడు చలపతిరావు సంబరంగా.

"నిన్నటి ఆటోలేవి సార్?" అంటూ సురేందర్ తీసిన టేపును మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.