తొట్టిలో బోదురుకప్ప

మా వీధిలో నన్ను కప్పల సారు అంటారు. నేను సారునేం కాదు. మిర్యాలగూడలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరయ్యాను. కప్పలను కోయడం మానేసేదాకా, పిల్లల కోసం ట్రేలలో వాటికి గుండుసూదులు గుచ్చి పెట్టింది ఈ చేతులే. ఒంటికి పట్టిన ల్యాబు మందుల వాసన వల్లే నాకు పెళ్లి కాలేదని మా అక్క అంటుంది. నా నోటి వల్ల కాలేదని నేననుకుంటాను.

ఇప్పుడు సూర్యాపేటలో రెండు గదుల ఇంట్లో ఒక్కణ్నే ఉంటాను. తోడుకు రెండు న్యూట్లు. హైదరాబాదులో రంగుచేపల దుకాణంలో కొన్నాను. చూడ్డానికి బల్లుల్లా ఉంటాయి గానీ కప్పలకు దాయాదులు. మన ఎండకు తాళలేవు. అందుకని ఎండాకాలమంతా బాటిళ్లలో నీళ్లు గడ్డకట్టించి వాటి గాజుతొట్టిలో వేస్తుంటాను. ఇంత చాకిరీ చేయించుకుని మూడేళ్లలో ఒక్క చప్పుడైనా చేయలేదు. పిలిస్తే పలికే గొంతు లేదు వాటికి. తెలిసే కొన్నాను, ఎవర్ని తిట్టను?

మే నెలలో పక్క ప్లాటులో జేసీబీతో పునాది తవ్వుతుంటే మట్టితోపాటు ఒక బోదురుకప్ప పైకొచ్చింది. వానల కోసం భూమిలో దాక్కున్నదానికి జేసీబీ పళ్లు తగిలాయి. అక్కడ పనిచేసే ఆమె దాన్ని తట్టలో వేసుకుని నా గేటు దగ్గరికి తెచ్చింది.

"కప్పల సారు మీరేనంట గద. గిది ఇంకా సావలే సారూ, జర సూడుండ్రి."

వెనక కుడికాలి తోలు ఊడి కండ ఎర్రగా కనిపిస్తోంది. ఎముక విరగలేదు. ఆ కాలులో ఏ కండ ఎక్కడుంటుందో, ఏ నరం ఎటు పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. బాగుచేయడానికి మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు.

"పసుపు పెట్టుండ్రి, మానుతది," అంది.

"పసుపు లేదు, గిసుపు లేదు! అది తోలుతోటి గూడ ఊపిరి పీలుస్తది. నీ ముక్కుల పసుపు కొడితే ఊకుంటవా?"

"అబ్బో, సారుకు కోపం మస్తుగున్నది!" అని నవ్వుతూ తట్ట దులుపుకుని పోయింది.

న్యూట్ల దగ్గర పెడితే వాటిని ఒక్క గుటకలో మింగేస్తుంది. అందుకని బాత్రూంలో ప్లాస్టిక్ తొట్టి పెట్టి, తడిమట్టి పోసి, మూతకు చిల్లులు పొడిచాను. రోజూ కాచి చల్లార్చిన నీళ్లతో కాలు కడిగేవాణ్ని. పొద్దున్నే వానపాములు తవ్వితే పెద్దవి దానికి, ముక్కలు న్యూట్లకు. వారం రోజులు తిండి ముట్టలేదు. ఎనిమిదో రోజు గుటుక్కున మింగింది. ఆ రోజు నేనూ రెండు పూటలా వండుకున్నాను.

ఒక సాయంత్రం బోరు మోటారు వేయగానే బాత్రూంలోంచి పెద్ద అరుపు. ఉలిక్కిపడ్డాను. మోటారు ఆపితే అదీ ఆగింది. వేస్తే మళ్లీ అరిచింది. ఆ మోత వాన అనుకుందో, ఇంకో కప్ప అనుకుందో! ఇంట్లో నాది కాని గొంతు విని ఎన్నేళ్లయిందో. అప్పట్నుంచి ట్యాంకు నిండాక కూడా మోటారు ఆపేవాణ్ని కాదు. నీళ్లు పొంగి గోడ వెంట కారుతుంటే గుమ్మంలో కూర్చుని వినేవాణ్ని. సిగ్గు లేదా అంటే, లేదు.

జూన్‌లో గాయం మానింది. మూత ఎగిరిపడేలా దూకుతోంది. ఆ వారమే తొలి పెద్దవాన పడి పునాది గుంత నిండింది. తెల్లారేసరికి ఎక్కడెక్కడి బోదురుకప్పలూ అందులో చేరి ఒకటే గోల. తొట్టి మూత తీసి చూద్దును గదా, నా కప్ప నిమ్మపండు రంగుకు తిరిగింది. జత కోసం మగకప్ప అలా పచ్చబడుతుంది. ఆ జాతర రెండు మూడు రోజులే. అది దాటితే మళ్లీ వచ్చే ఏడాదే. ఇంకెవరికీ తెలియకపోయినా నాకు తెలుసు.

కోదాడ నుంచి అక్క ఫోన్ చేసింది. "దాన్ని వదిలేసినావారా?"

"ఇంకా కాలు మానలేదక్కా."

"మొన్న మూత ఎగరదన్నిందంటివి?"

"అది రెండో కాలు."

"నీ సంగతి నాకు తెలవదా! పాపం రా, వదిలెయ్," అని పెట్టేసింది.

రేపు వదులుదాం అనుకున్నాను. మర్నాడూ అదే మాట అనుకున్నాను. అది పగలంతా అరుస్తూనే ఉంది. బయటి గుంపుకు బదులిస్తోందని తెలిసీ, నాతోనే మాట్లాడుతున్నట్టు "ఆఁ, వింటున్న" అనేవాణ్ని.

నాలుగో రోజు పొద్దున బయట గోల లేదు. అప్పుడు తొట్టెత్తుకుని పరుగెత్తాను. గుంత నీళ్ల మీద గుడ్లు తెట్టుకట్టి ఉన్నాయి. ఒక్క కప్పా లేదు. మూత తీయగానే నాది రెండు కాళ్లూ సమంగా చాచి గుంతలోకి దూకింది. వైద్యం బాగానే చేశాను.

ఆ సాయంత్రం గుంతలోంచి ఒక్కటే గొంతు. అరవడం, ఆగడం, మళ్లీ అరవడం. ఆ ఆగడం బదులు కోసమని నాకు తెలుసు. తలుపేసుకున్నా వినపడుతూనే ఉంది. కాలు బాగుచేసి, దాని బతుకును నా బతుకులా చేశాను. మూడు సాయంత్రాలు అలా పిలిచింది.

నాలుగో సాయంత్రం పిలవలేదు.