మడవని పక్క

వీధి దీపాలు వెలిగే వేళకి ఆమె పొయ్యి మీద అన్నం పెట్టి గుమ్మంలో కూర్చునేది. మలుపులో సైకిల్ గంట వినిపించగానే లేచి, ఆయన కాళ్ళకి నీళ్ళు తోడేది. ఇప్పుడు అదే వేళకి హోటల్ వాళ్ళిచ్చిన నీలం చీర కట్టుకుని, మూడో అంతస్తులో దుప్పట్ల బండి నెడుతోంది. సైకిల్ గోడకి ఆనించిన చోటే ఉంది. మంచం మీద మాత్రం ఆమె ఇప్పటికీ ఓ అంచుకే ఒదిగి పడుకుంటుంది.

ఆయన ఆ హోటల్లోనే దుప్పట్లు, తువ్వాళ్ళు దాచే గది చూసుకునేవాడు. అందరికీ దుప్పట్లాయనే. వానాకాలం జ్వరం ఆయన్ని తీసుకుపోయాక, మంచి మనిషి భార్య కదా అని హోటల్ వాళ్ళు ఆమెకి గదులు సర్దే పని చూపించారు. అయితే ముందు పరీక్ష. అది దాటితేనే పని ఖాయం. ఇంట్లో ఉన్నది ఆమె, ఆడపడుచు. ఆడపడుచు కుట్టుమిషను ఒక్కటే ఇద్దరినీ లాగలేదు.

పని అంటే ఆమెకి భయం లేదు. మాట అంటేనే భయం. వచ్చేవాళ్ళు ఎక్కడెక్కడివాళ్ళో, అందరిదీ ఇంగ్లీషే. మూడో అంతస్తు పెత్తనమంతా తాళాలమ్మది. నడుముకి తాళాల గుత్తి లేనిదే ఆవిడ కనిపించదు కాబట్టి ఆ పేరు. ఈ సాయంత్రం ఒక గదిలో తాను అతిథిలా ఇంగ్లీషులో పనులు చెబుతుందట. మళ్ళీ అడక్కుండా చెయ్యాలి. మాట అర్థం కాకపోతే రేపటినించి రానక్కర్లేదట.

నాలుగు రోజులుగా ఆడపడుచు మిషను తొక్కుతూనే పాఠం చెప్పింది. దీపం వెలిగించినా టర్న్, ఆర్పినా టర్న్. దిండు తిరగేసినా టర్న్, టీవీ గొంతు తగ్గించినా టర్న్. రాత్రి పడుకోబోయే వాళ్ళకి వీలుగా దుప్పటి మూల మడిచి ఉంచినా టర్నే. ఇన్ని పనులు ఒక్కదాని నెత్తిన రుద్దారంటే ఇదెవరింటి కోడలో పాపం, అంది ఆమె.

"కోడలు కాదు వదినా, ఇల్లరికపుటల్లుడు. పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళ మాటే వింటాడు. ఆన్, ఆఫ్, ఓవర్, డౌన్... ఆ పక్కవాళ్ళని కనిపెట్టుకుని ఉండు, చాలు."

అయినా ఆమె మొహం తేటపడలేదు. ఆడపడుచు మిషను ఆపి, మనకి మాత్రం లేవా ఏమిటి అంది. భయపడతావు, బాధపడతావు, మాట పడతావు, చివరికి నిలబడతావు. ఇన్ని పడ్డదానివి, అదొక్కటి నేర్వలేవా?

వరండా చివరి గది తలుపు తాళాలమ్మ తీసింది. అతిథి కింద భోజనానికి వెళ్ళింది.

టర్న్ ఆన్ ద ల్యాంప్, అంది తాళాలమ్మ. వెలిగించింది. టర్న్ డౌన్ ద టీవీ. గొంతు తగ్గించింది. తరవాత, టర్న్ డౌన్ ద బెడ్.

ఇది ఆయన చేసి చూపించిన పనే. రెండు దిళ్ళుంటే రెండు పక్కలా మడవాలి. ఆమె ఇటు పక్క మూల తీసి, గీత గీసినట్టు మడిచింది. అటు వెళ్ళింది. చెయ్యి ఆగిపోయింది.

ఆ దిండు మీద ముడత లేదు. దాని మీద మడత పెట్టిన మగవాళ్ళ చొక్కా, చొక్కా మీద కళ్ళద్దాలు. తలుపు దగ్గర ఒకే జత ఆడవాళ్ళ చెప్పులు. తెరిచి ఉన్న స్నానాలగదిలో, గ్లాసులో ఒకే బ్రష్షు.

"టర్న్ డౌన్ ద బెడ్," తాళాలమ్మ మళ్ళీ అంది. మూడోసారి చెప్పదని ఆమెకి తెలుసు. చొక్కా ఎత్తి కుర్చీలో పెడితే చాలు, పని నిలుస్తుంది.

"అర్థమైందమ్మా," అంది. "ఆ పక్క మడవను."

"ఏం?"

"అది మరిచిపోయి పడేసిన చొక్కా కాదమ్మా. ఒద్దికగా, కావాలని పెట్టుకున్నది. మనం తీస్తే, పాపం ఆవిడ మళ్ళీ మొదటినించీ పెట్టుకోవాలి."

తాళాలమ్మ చెప్పుల వంక చూసింది. గ్లాసు వంక చూసింది. ఇక ఇంటికి పొమ్మంటుందని ఆమె చెంగు బిగించి పట్టుకుంది.

"మాట రాకపోతే పంపేసేదాన్ని. మాట వచ్చీ చెయ్యనిదాన్ని ఏమనాలి?" అంది తాళాలమ్మ. "పని సగంలో వదిలేశారని ఆవిడ ఫిర్యాదు చేస్తే, మాట నువ్వే పడాలి."

"పడతానమ్మా."

తాళాలమ్మ గుత్తిలోంచి ఒక తాళంచెవి విడదీసి బండి మీద పెట్టింది. పక్క గది నువ్వే చూసుకో అని, వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయింది.

ఆమె పెద్ద లైటు ఆర్పి, చిన్న దీపం ఉంచింది. ఇటు పక్క దుప్పటి మూల మడిచి ఉంది. అటు పక్క ముట్టకుండా వదిలి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.