మా గుంపు మేస్త్రి బొటనవేలు

మా గుంపు మేస్త్రి పోయాడు. జైలు నుంచి దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందని మధ్యాహ్నం మా ఆత్మకూరుకు కబురొచ్చింది. విచారణ మొదలే కాలేదు, రెండేళ్ళు లోపల ఉన్నాడు. టీవీలో ఆయనను దేశద్రోహి అన్న రోజు మా వీధంతా గుమ్మాల్లో నిలబడి విన్నది. చచ్చిపోయాడంటే ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

మందిరంలో వాక్యం చెప్పకముందు పదేళ్ళు నేను ఆయన గుంపులో కాంక్రీటు మోశాను. వలస పోయే రోజు లారీని బీచుపల్లిలో ఆపించేవాడు. ఆంజనేయుడికి టెంకాయ కొట్టి వచ్చి, లారీలోనే బైబిలు పట్టుకుని కూర్చున్న నన్ను కదిలించేవాడు. “వాక్యమయ్యా, నువ్వు గూడ నీ దేవునికి జెప్పుకో. ఇద్దరు జూస్తుంటే మనకే మంచిది.” జ్వరం వచ్చినవాడి తట్ట తానెత్తేవాడు, ఆ సంగతి మళ్ళీ ఎత్తేవాడు కాదు. కూలోళ్ళందరూ తిన్నాకే తన పళ్ళెంలో పెట్టుకునేవాడు.

సిమెంటుకు మా వేళ్ళు అరిగిపోయేవి. సిమ్ము కొనబోతే దుకాణంలో మిషన్ మా ముద్రలు పట్టేది కాదు. మేస్త్రిది పని చూపించే చెయ్యి కాబట్టి గీతలు మిగిలాయి. తన బొటనవేలు పెట్టి ఆరుగురికి సిమ్ములు ఇప్పించాడు. ఇంటికి మాట్లాడుకోవాలి, అంతే. అది తప్పని ఎవరికి తోచింది? “వేళ్ళరిగినోన్ని దేశం గుర్తువట్టది, నేనన్న గుర్తువడ్త,” అని నవ్వేవాడు.

ఆ ఆరింటిలో ఒక ఫోను సంతలో పోయింది. చెబితే, పోతే పోనీ అని ఇంకో సిమ్ముకు మళ్ళీ తన వేలే పెట్టాడు. పోయిన నంబరును ఆపించాలన్న తెలివి గుంపులో ఎవరికీ లేదు. ఏళ్ళ తర్వాత అది ఏదో కుట్ర కేసులో దొరికినవాడి దగ్గర బయటపడింది. పేరు మాత్రం మేస్త్రిది.

పట్టుకుపోయినవాళ్ళు ఒక్కటే అడిగారట, ఆ సిమ్ము ఎవరికిచ్చినవని. పేరు చెబితే బయటపడే దారుందని లాయరు కూడా చెప్పాడు. ఆయన చెప్పలేదు. ఆయన భార్య మా మందిరానికి వచ్చే మనిషి. జైల్లో ములాఖత్తుకు పోయి, తనకే అర్థం కాని మాట ఒకటి మోసుకొచ్చి నాకు అప్పజెప్పింది. “మిమ్ములను పరేషాన్ గావొద్దన్నడు అయ్యగారూ. పిల్లలు చిన్నోళ్ళు గదా అన్నడు.”

చదివే సహోదరులారా, ఆ ఫోను నాది.

అది విన్న వారమే నేను మందిరంలో నిలబడి, అధికారులకు లోబడమనే వాక్యం తీసి గంటసేపు దంచాను. దేశానికి కీడు తలపెట్టినవాడికి కత్తే జీతం అన్నాను. మేస్త్రి భార్య ముందు వరుసలో కూర్చుని ఆమేన్ అన్నది. చెరలో ఉన్నవాణ్ణి చూడ్డానికి రానివాళ్ళ గతేమిటో కూడా అదే గ్రంథంలో ఉంది. ఆ పేజీ నేను తిప్పలేదు. ములాఖత్తుకూ పోలేదు.

దేశానికి కాపలా వద్దని నేననను. బస్టాండులో బాంబు పేలితే ముందు చచ్చేది మూటల మీద పడుకున్న మా కూలోళ్ళే. కానీ అనుమానాన్నే రుజువుగా చేసి, ఒక్క సాక్షిని పిలవకుండా, మనిషి శవమయ్యేదాకా తలుపు తీయని చట్టం ఎవరికి కాపలా? దాని బేడీలు ఆయన చేతులకు పడ్డాయి, భయం నా నోటికి పడింది. ఆయన తన వాటా మోశాడు, నా వాటా కూడా మోశాడు. నా పిల్లలు బడికి పోయి వచ్చిన ప్రతి రోజూ ఆయన ఇచ్చిందే.

ఆయనను మట్టి చేసిన మూడోనాడు ఠాణాకు పోయి ఆ సిమ్ము నాదని చెప్పాను. కానిస్టేబులు కాగితం మీంచి తలెత్తలేదు. “ఆయన సచ్చిండు, ఆయన మీద కేసు గూడ సచ్చింది. మిగిలింది పట్నమోళ్ళు జూస్తరు. ఇప్పుడొచ్చి ఏం జేస్తవ్, పో.”

బయట వరండాలో మేస్త్రి భార్య నిలబడి ఉంది. జైలు నుంచి వచ్చిన వస్తువులు ఇస్తామంటే వచ్చిందట. పాలిథిన్ కవర్లో ఒక జత చెప్పులు, ఒక నడుం బెల్టు.

“మీరెందుకొచ్చిన్రు అయ్యగారూ?”

నిజం నోటిదాకా వచ్చింది. “నీతోని ప్రార్థన జేద్దమని వచ్చిన అమ్మా,” అన్నాను.

ఆమె కవరు గోడకు ఆనించింది. కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. నేను మొదలుపెడతానని, తల వంచుకుని అలాగే నిలబడి ఉంది.