జపాన్‌లో బిగించిన గౌను

జపాన్ దేశానికి కుట్టుపని నేర్పింది మా అమ్మమ్మే. అంతకుముందు వాళ్ళ ఒంటిమీద గుడ్డలు ఎలా నిలిచేవో నాకు తెలియదు. ఆ నేర్పడం కూడా విమానం మారే విరామంలో, మూడు గంటల్లో, ఆ భాష ఒక్క ముక్క రాకుండానే పూర్తిచేసింది. మావయ్య సాక్షి.

అమ్మమ్మ నలభై ఏళ్ళుగా బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. మనిషి గుమ్మం దాటుతుండగానే ఛాతీ ఎంతో, నడుం ఎంతో చెప్పేస్తుంది. టేపు తీయడమంటే ఆవిడకి నామోషీ. దూరదేశంలో ఉన్న ఆవిడ చెల్లెలు, మా చిన్నమ్మమ్మ, జబ్బుచేసి ఆసుపత్రిలో చేరింది. "వీళ్ళ గౌన్లు ఒంటికి గీసుకుంటున్నాయక్కా, నీ చేత్తో కుట్టింది ఒకటి తెచ్చిపెట్టు" అని ఫోన్లో అడిగింది. చిన్నమ్మమ్మ కూతురు కొలతలు కూడా పంపింది. ఛాతీ ఇరవై తొమ్మిది.

"దానికి టేపు పట్టడం రాదు," అంది అమ్మమ్మ. "ఇరవై తొమ్మిదంటే ఏడో తరగతి పిల్ల. నా చెల్లెలి కొలత నాకు ఇంకొకరు చెప్పాలా?"

ముప్ఫై ఆరుకే కుట్టింది. మెత్తటి నూలు గుడ్డ, పొడుగు చేతులు, ముందువైపు గుండీలు. నలుగుతుందని ప్రయాణమంతా ఒళ్ళోనే పెట్టుకుంది.

జపాన్‌లో తొమ్మిది గంటలు ఆగాలి. తోడు వెళ్ళిన మావయ్య ఊళ్ళోకి వెళ్ళడానికి ముందే అనుమతి తీయించాడు. ఒక తోట, ఒక వంతెన, ఒక టవరు అని కాగితం మీద రాసుకుని మరీ తెచ్చాడు. ఇద్దరూ రైలెక్కారు. ఆ రైల్లో ఎవరూ మాట్లాడరట. అమ్మమ్మ వాళ్ళందరి వాటా తనే మాట్లాడుతుండగా, ఆసుపత్రి నుంచి వీడియో కాల్ వచ్చింది. అక్కను చూసి చిన్నమ్మమ్మ చెయ్యెత్తింది. ఆసుపత్రి గౌను చెయ్యి మణికట్టు దగ్గర్నుంచి భుజం దాకా జారిపోయింది.

అమ్మమ్మ కళ్ళకి కొలవడం తప్ప వేరే పని తెలియదు. అవి కొలిచేశాయి.

"వస్తున్నానే," అని ఫోను మావయ్యకి ఇచ్చేసింది. ఒళ్ళో గౌను మడత విప్పి పక్కకుట్లు తడిమింది.

"మిషను ఎక్కడ దొరుకుతుందో చూడు."

"ఇప్పుడా? వాళ్ళింటికి వెళ్ళాక బిగించుకోవచ్చు కదమ్మా."

"దిగగానే ఆసుపత్రికేగా పోయేది? దాని ఎదురుగా కూచుని విప్పనా? నువ్వెంత చిక్కిపోయావో చూసుకోవే అని చెప్పినట్టుండదూ?"

మావయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

స్టేషను వెనక సందులో ఒక చిన్న దర్జీ కొట్టు దొరికింది. అందులో అమ్మమ్మ ఈడు ముసలాయన, మెడలో టేపు. మావయ్య ఫోనులో మాట తర్జుమా చేసి వినిపించేలోపే అమ్మమ్మ గౌను తిరగేసి బల్లమీద పరిచింది. ఇటు రెండు వేళ్ళు, అటు రెండు వేళ్ళు చొప్పున గుడ్డ పట్టి చూపించింది. ఆయన మిషను దగ్గరికి వెళ్ళబోతే, గుండెమీద చెయ్యి పెట్టుకుని "నేను" అంది. ఆయన లేచి, స్టూలు ఆవిడ ఎత్తుకి తగ్గించి ఇచ్చాడు. తనూ ఎదురుగా కూచుని గౌను ఒక చేతి కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

ఇద్దరూ చెరో పక్క పనిచేశారు. పక్కలు బిగించాక లోపల బోలెడు గుడ్డ మిగిలింది. కత్తిరించడానికి ఆయన కత్తెర తీశాడు. అమ్మమ్మ గుడ్డమీద అరచెయ్యి ఆనించింది.

"ఉండనీ నాయనా. ఒళ్ళొస్తే విప్పుకోవాలి."

ఆయనకి మాట అర్థం కాలేదు. మిగిలిన గుడ్డ చూశాడు, అమ్మమ్మ మొహం చూశాడు. కత్తెర పక్కన పెట్టి, ఆ మిగులుని సన్నగా మడిచి, ఒంటికి గుచ్చుకోకుండా చేతికుట్టు వేసి చూపించాడు. అంత సన్నటి కుట్టు అమ్మమ్మ ఎన్నడూ వేయలేదు. కాబట్టి ఎవరు ఎవరికి నేర్పారన్న విషయంలో నేను మొదట కొంచెం పెంచి చెప్పాను. రెండో వైపు ఆవిడే వేసింది. తోట, వంతెన, టవరు అక్కడే ఉన్నాయి. వీళ్ళు చూడలేదు.

మర్నాడు చిన్నమ్మమ్మ ఆ గౌను తొడుక్కుంది. "చూశారా, మా అక్క చేతి కొలత తప్పదు," అని నర్సుకి కూడా చెప్పింది. అమ్మమ్మ కాదనలేదు. పందొమ్మిది రోజులు చిన్నమ్మమ్మ ఇంకో గౌను వేసుకోనంది. లోపలి కుట్లు ఎవరూ విప్పలేదు. ఆ గౌనుతోనే సాగనంపారు.

ఇదంతా అమ్మమ్మకి చదివి వినిపించాను. కాజాలు కుడుతూ విన్నది. ఒక్కటే తెలియక అడిగాను.

"ఆ కొట్లో ఏడ్చావా అమ్మమ్మా? మావయ్య నీ వెనకాల కూచున్నాడట, మొహం కనపడలేదన్నాడు."

"ఏడిస్తే సూదిలోకి దారం ఎక్కదు. విమానం పోతే ఎవరాపుతారు, మీ తాతా? లే, నా గుడ్డలమీద ఆ కాగితాలు తియ్యి."