హెల్సింకిలో ఉప్పు చూసిన ఏసుమణి

ఓర్వకల్లు చర్చిలో ఏటా మూడు రోజులు సభలు జరుగుతాయి. పూటకు ఎనిమిది వందల మందికి వంట. ఏ గుండిగ దించాలన్నా ముందు ఏసుమణి అరచేతిలో ఇంత పులుసు పడాలి. ఆమె నాలుకకు తాకించి "ఇంగో పిడికెడు" అంటుంది, లేదంటే "సరిపోయింది" అంటుంది. ముప్పై ఏళ్ళుగా ఉప్పు దగ్గర ఆమె ఎవరికీ మొహమాటపడలేదు. సొంత వదిన వండిన పప్పునే వెనక్కి పంపింది. పంక్తిలో కూర్చున్నాక మాత్రం సంగతి వేరు. ఉప్పు చూసే మనిషి నిజం చెప్పాలి, అన్నానికి కూర్చున్న మనిషి వంక పెట్టకూడదు. ఈ రెండింటినీ ఆమె ఏనాడూ కలపలేదు.

రెండు వేల ఏడు ఆగస్టులో ఫిన్లాండులోని ఒక చర్చివాళ్ళు ఓర్వకల్లు నుంచి ఇద్దరిని పిలిచారు. ఇంగ్లీషు వచ్చు కాబట్టి పాస్టరు జయకుమార్ వెళ్ళాడు. సభల వంట ఆమెదే కాబట్టి ఏసుమణి వెళ్ళింది. రెండో రోజు వాళ్ళను హెల్సింకి చూసి రమ్మని పంపారు. కైసా అనే అమ్మాయి ముందు నడుస్తుంది, వెనక పదిమంది. రేవు దగ్గర మొదలుపెట్టి దుకాణం దుకాణం తిరుగుతూ ఆ ఊరి తిండి రుచి చూడాలి.

మొదటి చోట బియ్యం గంజి పెట్టి కాల్చిన రొట్టె, రెండు వేళ్ళంత. ఏసుమణి నమిలి వంటాయన వైపు చూసింది.

"ఉప్పు తక్కువుండాదని చెప్పండయ్యగారూ."

జయకుమార్ ఏదో చెప్పాడు. వంటాయన నవ్వాడు గానీ ఉప్పుకు లేవలేదు. రెండో చోట మెదిపిన బంగాళదుంప ముద్ద, చెంచాడు. అక్కడా ఆమె అదే మాట చెప్పింది, అక్కడా నవ్వారు. ఉప్పు తక్కువంటే నవ్వే వంటవాళ్ళను ఆమె ఇంతవరకూ చూడలేదు.

"మీరేం చెప్తాండారు వాళ్ళకు?"

"శానా బాగుండాదని."

"నేను చెప్పింది అది కాదు గదా."

"పిలిచి పెట్టినోళ్ళమ్మా. ఊరుకో."

"నా మాట నమ్మి ఇంగ ఎంతమందికి పెడతారో. అబద్ధ సాక్ష్యం మీద మొన్న ఆదివారం వాక్యం చెప్పింది మీరే గదా?"



మూడో చోట ఒక ముసలామె పాలు పోసి కాచిన చేపల పులుసు చిన్న గిన్నెల్లో ఇచ్చింది. ఏసుమణి మళ్ళీ ఉప్పు తక్కువనే చెప్పింది. జయకుమార్ ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాడు. ముసలామె నవ్వలేదు. తనూ ఒక చెంచా తాగి, కాసేపు ఆలోచించి, ఉప్పు వేసి కలిపి మళ్ళీ అందించింది.

"సరిపోయింది" అంది ఏసుమణి. చెయ్యి కడుక్కొని వచ్చి బల్ల ముందు కూర్చుంది. "ఆకలైతాండాది. ఇంగ వడ్డించమనండి."

"వడ్డించేదేం లేదమ్మా. ఇప్పటిదాకా తిన్నామే, అదే అన్నం."

"ఆ రొట్టె ముక్కా?"

"అదీ అన్నమే."

"అంటే నేను పంక్తిలో కూచోనుండానా?"

"పొద్దున్నుంచీ."

ఏసుమణి ముసలామె వైపు తలెత్తలేకపోయింది. "ముందే చెప్పకూడదా అయ్యగారూ" అంది. కొంచెం ఆగి, "ఆ రెండు చోట్లా మీరు అబద్ధమాడిందే మేలైంది" అంది.

చివరిది మిఠాయి దుకాణం. ఉప్పు చూసే ఆమె వచ్చిందని కైసా ముందే చెప్పేసింది. దుకాణాయన బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చి, నల్లటి బిళ్ళ ఒకటి తన చేత్తోనే ఆమె అరచేతిలో పెట్టాడు. పేరుకే మిఠాయి. నోట్లో వేసుకోగానే సభల మూడు రోజులకూ పట్టే ఉప్పంతా ఒక్కసారి నాలుక మీద పోసినట్టయింది. ఏసుమణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పదిమందీ ఆమెనే చూస్తున్నారు.

"ఉప్పు సరిపోయిందా అని అడుగుతాండాడమ్మా" అన్నాడు జయకుమార్.

ఆమె బిళ్ళను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చింది.

"బాగుండాదని చెప్పండి."

జయకుమార్ ఆ మాటే చెప్పాడు. దుకాణాయన సంతోషపడి ఇంకొకటి పెట్టాడు. ఏసుమణి దాన్నీ తినింది.